బామ్మర్ది కోటా

చీటీల్లో మొదటి నంబరు తమ జట్టుకే వచ్చిందని మురళీమోహన్ మాస్టారు మైకులో చెప్పినప్పుడు కూడా షీబా భర్త వంక చూడలేదు. బెన్హర్ కూడా ఆమె వంక చూడలేదు. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం దాకా ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు. దారిలో ఒక్క మాట లేదు. డ్రాఫ్ట్ జరిగే చర్చి హాలు ముందు బండి దిగాక ఆమె చున్నీ సర్దుకుంటూ లోపలికి నడిచింది. అతను తాళంచెవి జేబులో వేసుకుని వెనకే వచ్చాడు. బయటివాళ్లకి మాత్రం భార్యాభర్తలు కలిసే వస్తున్నట్టు కనబడింది.

పోయిన ఏడాది దాకా సిక్కోలు సమ్మర్ లీగ్‌లో ఊరికో ఫుట్‌బాల్ జట్టు ఆడేది. రానురాను ఆట తగ్గి కొట్లాట ఎక్కువైంది. సెమీఫైనల్లో రాళ్లు పడి ఇద్దరు కుర్రాళ్లకి తలలు పగిలాక, కమిటీ పెద్ద మురళీమోహన్ మాస్టారు పట్టుబట్టి పద్ధతే మార్చేశారు. ఆడాలనుకున్న వాళ్లంతా పేర్లిస్తారు. ఆరు జట్లవాళ్లు ఆరు బల్లల దగ్గర కూర్చుని, వంతులవారీగా ఒక్కొక్కరినే పిలుచుకుంటారు. మొదటి రౌండులో అందరికన్నా ముందు పిలిచిన జట్టుకి రెండో రౌండులో ఆఖరి వంతు. పెద్ద దేశాల్లో దీన్ని డ్రాఫ్ట్ అంటారని మాస్టారు చెప్పారు. ఏ ఊరివాడు ఏ జట్టుకి పోతాడో ఎవరికీ తెలీదు కాబట్టి రాళ్లు ఎవరి మీద వెయ్యాలో కూడా ఎవరికీ తెలీదని ఆయన ధైర్యం.

ఆమదాలవలస స్టార్స్ అన్న పేరుతో ఒక జట్టు బెన్హర్, షీబాలది. బెన్హర్‌కి స్టేషన్ రోడ్డులో ఆటసామాన్ల కొట్టుంది. షీబా పొందూరు దగ్గర ఒక హైస్కూల్లో ఆటలు నేర్పే పీఈటీ. పెళ్లికి ముందు జిల్లా అమ్మాయిల జట్టుకి గోల్‌కీపరు. రెండు నెలలుగా సాయంత్రాలు ఆమె గ్రౌండ్ల వెంట తిరిగి కుర్రాళ్ల ఆట చూసి వచ్చేది. ఎవడు రెండు కాళ్లతోనూ కొడతాడు, ఎవడు గోల్ పడ్డాక తల దించేసుకుంటాడు, అన్నీ భర్తకి చెప్పేది. మొదటి వంతు తమకొస్తే కళ్లు మూసుకుని వినోద్‌ని పిలవాలని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు. వినోద్ లాంటి ఫార్వర్డ్ జిల్లాలో ఇంకొకడు లేడు.

అదంతా పోయిన ఆదివారానికి ముందు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అరసవల్లిలో షీబా పుట్టింటికి భోజనానికి వెళ్లారు. బల్ల చుట్టూ ఆమె తండ్రి ఏసుదానం, తమ్ముడు జాన్, బెన్హర్, షీబా కూర్చున్నారు. తల్లి జ్ఞానసుందరి వడ్డిస్తోంది. ఏసుదానం ఒకప్పుడు ఆసుపత్రిలో కాంపౌండరు. నిరుడు పక్షవాతం వచ్చి లేచాక ఆయన కుడి చెయ్యి వణుకుతోంది. అన్నం కలిపేటప్పుడు మెతుకులు పళ్లెం బయట పడతాయి. ఎవరూ చూడనట్టు ఉంటారు. ఆయన కూడా ఎవరూ చూడటం లేదన్నట్టే తింటాడు.

మాటల్లో పోయిన ఏడాది సెమీఫైనల్ వచ్చింది. ఆ రోజు గోల్‌లో ఉన్నది జాన్. జట్టు బెన్హర్‌దే. ఆఖర్లో ఎవరో దూరం నుంచి మెల్లగా కొట్టిన బంతి జాన్ చేతుల్లోకి వచ్చి జారి లోపలికి పోయింది. ఆ గోల్‌తోనే ఓడిపోయారు. రాళ్లు పడింది కూడా దాని తర్వాతే.

"బంతి వొచ్చి సేతిలో పడినాది. అయినా జారిపోయినాది" అని నవ్వాడు బెన్హర్. "ఏటి సేస్తాం. ఈ ఇంట్లో సేతులే అంత."

జాన్ మొహం మాడ్చుకున్నాడు. షీబా మాత్రం తండ్రిని చూసింది. ఆయన కలుపుతున్న చెయ్యి పళ్లెంలోంచి తీసి, కడుక్కోకుండానే బల్ల కిందకి, ఒళ్లోకి పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత ఒక్క ముద్ద తినలేదు. జ్ఞానసుందరి ఏమీ అనకుండా ఆయన పళ్లెం లోపలికి తీసుకుపోయింది.

ఇంటికొస్తూ దారిలోనే షీబా మొదలుపెట్టింది. "నాన్నతో ఒక మాట సెప్పు."

"ఏటి సెప్పాలి?"

"తప్పయినాదని సెప్పు."

"నానన్నది జాన్‌ని. మీ నాన్ననేటన్నాను? ఎల్లి సెప్పినాననుకో, ఆయన్నే అన్నట్టు నానే ఒప్పుకున్నట్టవ్వదా?"

"నువ్వు సెప్పాలి. అంతే."

పెళ్లయిన తొమ్మిదేళ్లలో వాళ్ల కొట్లాటలకి ఒక దారి పడిపోయింది. ఆమె ఒకే మాట పట్టుకుని అదే మళ్లీ మళ్లీ అంటుంది. మూడోసారికి అతను తాళంచెవి తీసుకుని బండెక్కి వెళ్లిపోతాడు. కొట్లో కూర్చుని బంతులకి గాలి కొట్టుకుంటాడు. తిరిగొచ్చేసరికి ఆమె మాట్లాడటం మానేస్తుంది. నాలుగు రోజులు పోయాక కూరలో ఉప్పు గురించో, గ్యాస్ బండ గురించో మాట కలుస్తుంది. కొట్లాట మాత్రం తీరకుండా ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. ఈసారి ఉప్పు గురించి కూడా మాట కలవలేదు.

మాస్టారు విజిల్ ఊదారు. "మొదటి రౌండు. ఆమదాలవలస. రెండు నిమిషాలు టైము."

రెండు నిమిషాలు ఎందుకనుకుంది షీబా. హాలు వెనక బెంచీల మీద ఆటగాళ్లు కూర్చున్నారు. మే నెల ఎండకి రేకుల కప్పు కాగిపోతోంది. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. మూడో బెంచీలో వినోద్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తమ బల్ల వైపే చూస్తున్నాడు. వాడికీ తెలుసు.

బెన్హర్ లేచి నిలబడ్డాడు. మైకు అందుకున్నాడు.

"ఆమదాలవలస స్టార్స్ మొదటి పేరు, జాన్. గోల్‌కీపరు."

వెనక బెంచీల్లోంచి నవ్వు లేచింది. గోల్‌కీపర్లని ఎవరూ మొదటి రౌండులో తీసుకోరు. నాలుగో రౌండులోనో అయిదులోనో చూసుకుంటారు. అందులోనూ పోయిన ఏడాది చేతుల్లో బంతి జార్చుకున్న కీపరు.

రెండో వంతు పక్క బల్లది, పొందూరు టైగర్స్‌ది. దాని యజమాని ఎల్లాజీకి పొందూరులో రైసు మిల్లుంది. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు. "ఏటి బెన్హరూ, లీగ్‌లో బామ్మర్ది కోటా ఒకటి పెట్టినారని మాకు సెప్పలేదే" అన్నాడు.

ఈసారి హాలంతా నవ్వింది. నవ్వు తగ్గకముందే ఎల్లాజీ లేచి వినోద్ పేరు పిలిచేశాడు.

బెన్హర్ కూర్చుని, ముందుకి చూస్తూనే, ఆరు రోజుల తర్వాత మొదటిసారి షీబాతో మాట్లాడాడు.

"మీ తమ్ముణ్ణి అందరికన్నా ముందు పిలిచినాను. అందరూ ఇన్నారు. ఇంక ఆ ఇషయం వొదిలీ."

అతను తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది, ఆ మొదటి వంతు, తీసి ఇచ్చేశాడు. నిజమే. కాని అడిగింది అది కాదు, ఇవ్వాల్సిన మనిషికీ ఇవ్వలేదు. ఆమె నోరు మూయించడానికి ఇచ్చాడు. అరిచి ఉంటే ఇంతకన్నా నయంగా ఉండేదనిపించింది.

"నానడిగింది ఇదేనా?" అంది నెమ్మదిగా.

"ఇంకేటి కావాలి నీకు?"

"జనం సూస్తన్నారు. ఊరుకో."

మధ్యాహ్నం దాకా డ్రాఫ్ట్ అలాగే సాగింది. తమ వంతు వచ్చినప్పుడల్లా ఆమె కాగితం మీద ఒక పేరు మీద వేలు పెట్టేది, అతను మైకులో చదివేవాడు. ఒకసారి అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె వేలు తియ్యలేదు. మాస్టారు "ముప్పై సెకన్లు" అన్నారు. ఎవరి మాటా నెగ్గకుండా విజిల్ పడింది, వంతు పోయింది. మంచి డిఫెండరు ఒకడు, ఇద్దరికీ కావలసినవాడే, పక్క జట్టుకి వెళ్లిపోయాడు. ఎల్లాజీ ఈలోగా వినోద్ చుట్టూ జట్టు కట్టుకుంటూ పోయాడు. ముందుకి ఆడే వాళ్లని, మధ్యలో నరేష్ అనే చురుకైన కుర్రాణ్ణి పట్టేశాడు.

భోజనాలకి వదిలారు. ఈ గంటలో జట్లు తమలో తాము మాట్లాడుకుని ఆటగాళ్లని మార్చుకోవచ్చని, మళ్లీ విజిల్ పడ్డాక మార్పుల్లేవని మాస్టారు చెప్పారు. బిర్యానీ పొట్లాల కోసం జనం ఎగబడుతుంటే జాన్ నేరుగా వాళ్ల బల్ల దగ్గరికి వచ్చాడు. జాన్ పట్నంలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియను. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గిపోతుంది.

"బావా, నన్నెందుకు పిలిచినావు?"

"కీపరు కావాలి, పిలిచినాను."

"మొదటి రౌండులోనా? ఎనకాల ఆళ్లు నన్నేటని పిలుస్తన్నారో ఇన్నావా? కోటా అంట. పేరు కూడా లేదు నాకిప్పుడు. ఒరే కోటా, నీళ్లు తే అంటన్నారు." షీబా వైపు తిరిగాడు. "అక్కా, పోయినేడు నా సేతిలోంచి బంతి జారినాది. ఆ ఏడుపు నాది. ఈ ఏడంతా పొద్దున్నే లేసి ప్రాక్టీసు సేసినాను, ఎవడో ఒకడు నా ఆట సూసి పిలుస్తాడని. మీ ఇద్దరికీ కొట్లాటొస్తే మీరూ మీరూ తేల్సుకోండి. నన్ను మధ్యలో పెట్టకండి. నన్ను మార్చీయండి. లేకపోతే పేరు తీసీసుకుని ఇంటికెల్లిపోతాను."

సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

"పొగరు" అన్నాడు బెన్హర్. "నెత్తిన పెట్టుకుంటే ఇదీ."

షీబా లేచి బయటికి నడిచింది. హాలు పక్కన మెట్ల కింద కొంచెం నీడ ఉంది. పాత బెంచీలు, పాస్టరు నిలబడి వాక్యం చెప్పే పల్పిట్ విరిగిన ముక్కలు అక్కడ పడేసి ఉన్నాయి. బెన్హర్ వెనకే వచ్చాడు. లోపల పొట్లాలు విప్పుతున్న చప్పుళ్లు, ఎల్లాజీ నవ్వు వినబడుతున్నాయి.

"ఆడు సెప్పింది నిజమే. మార్చీద్దాం" అంది.

"మార్చను. అందరి ముందూ పిలిచి, గంటలో మార్చీస్తే నా మొగమెక్కడ పెట్టుకోవాలి? నీ కోసమే కదా పిలిచినాను."

"నా కోసం కాదు. నాను నోరు మూసుకోవాలని."

"సరే, అదే అనుకో. ఏటి తప్పు? వారం నించి ఇంట్లో మొగం సూపించవు. అన్నం ఎట్టీసి గదిలోకి ఎల్లిపోతావు. నానొక మెట్టు దిగినాను. నువ్వు దిగవు."

"నాన్నతో ఒక మాట సెప్పమన్నాను. అంతే."

"మళ్లీ అదే. మళ్లీ అదే మాట. నాను మీ నాన్ననేటీ అన్లేదు షీబా. అననిదానికి కాళ్లు పట్టుకోమంటే పట్టుకోను."

అతని చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి బయటికొచ్చింది. ఇంక వెళ్లిపోతాడు. బండి చప్పుడు, కాంపౌండు గేటు, తర్వాత ఖాళీ కుర్చీ పక్కన తనొక్కతే కూర్చోవడం, హాలంతా చూడటం, అన్నీ ఆమెకి ముందే కనబడ్డాయి. వారం నుంచి నోట్లోంచి రానివ్వని మాట, తనకు తను కూడా చెప్పుకోని మాట, అప్పుడు బయటికొచ్చింది.

"నాన్న సెయ్యి కిందకి ఎట్టీసుకున్నాడు."

బెన్హర్ ఆగాడు. "ఏటి?"

"నువ్వా మాటన్నాక. అన్నం కలుపుతున్న సెయ్యి. కడుక్కోకుండానే ఒళ్లో ఎట్టీసుకున్నాడు. మెతుకులతోటే. ఇంక తినలేదు. నువ్వు రెండోసారి కూర ఏయించుకున్నావు."

మెట్ల గోడకి ఆనుకుంది.

"నాను సూడలేదు" అన్నాడు బెన్హర్.

"ఎలాగ సూడవు? ఎదురుగా కూకున్నావు."

"జాన్ మొగం సూస్తన్నాను. ఆడేటంటాడో అని. తిరిగి ఏటనాలో అని." "మావయ్య సెయ్యి నాకు గుర్తే లేదు షీబా ఆ మాటన్నప్పుడు. నిజంగా. నువ్వు... ఇది ఆరోజే ఎందుకు సెప్పలేదు?"

అతను చూశాడనే షీబా అనుకుంది. చూసి కూడా చూడనట్టు వాదిస్తున్నాడనుకుంది. అందుకే వారమంతా ఒక్కొక్క పూటకీ మనిషి మీద అసహ్యం పెంచుకుంటూ పోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చెయ్యి గురించి మాటల్లో పెడితే తండ్రి వణుకు తన నోటితో తనే ఒప్పుకున్నట్టవుతుందని భయపడింది. తప్పేమిటో చెప్పకుండా క్షమాపణ మాత్రం అడుగుతూ ఉంది.

"నోరు రాలేదు" అంది.

బెన్హర్ తాళంచెవి గుప్పిట్లో బిగించాడు. "ఇప్పుడే ఎల్తాను. అరసవల్లి ఎంత దూరం. ఎల్లి సెప్పీసి వొచ్చీస్తాను."

"వొద్దు."

"ఏటి వొద్దు? ఇన్నాళ్లూ ఎల్లు ఎల్లన్నావు."

"ఇలాగ కాదు. నీకు గుండెల్లో మండినప్పుడల్లా బండెక్కుతావు. తప్పు ఒప్పుకోడానిక్కూడా అలాగే ఎల్తే, నీ మంట దించుకోడానికే ఎల్లినట్టు. ఇక్కడ కూకో. జట్టు పూర్తి సేద్దాం. సాయంత్రం ఇద్దరం ఎల్దాం."

అతను వెంటనే ఒప్పుకోలేదు. గేటు వైపు చూశాడు. మొహం నిండా చెమట. కాలు ఒకచోట నిలవడం లేదు. షీబా ఇంకో మాట అనకుండా ఆగింది. అలా ఆగడం ఆమెకి అలవాటు లేదు. నాలుక మీదికి వచ్చిన మాటని అక్కడే పట్టి ఉంచింది.

"జాన్ సంగతేటి సేద్దాం?" అన్నాడు చివరికి.

"ఎల్లాజీ అయిదు రౌండులైనా కీపర్ని పిలవలేదు. ఆఖర్న దొరుకుతార్లే అనుకున్నాడు. మంచి కీపర్లు ఇద్దరూ పోయినారు. ఇప్పుడాయనకి జాన్ కావాలి, అడగలేడంతే. పొద్దున నవ్వినాడు కదా."

"ఎవర్నడుగుదాం?"

"నరేష్‌ని."

"ఇవ్వడు" అన్నాడు బెన్హర్. "నరేష్ ఒక్కణ్ణే అడిగితే ఇవ్వనంటాడు. ముందు వినోద్‌ని అడుగు. గట్టిగా అడుగు. ఆయన కేకలేస్తాడు. అప్పుడు నాను నరేష్ దగ్గిరకి దిగుతాను."

ఆ వారంలో వాళ్లిద్దరి మధ్యా కొట్లాట లేకుండా సాగిన మొదటి సంభాషణ అదే. అందులోనూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోలేదు.

ఎల్లాజీ బిర్యానీ తింటూ వాళ్లు వస్తుంటే చూశాడు. "ఏటమ్మా టీచరమ్మా, కోటా ఎనక్కి తీసుకుంటారా?"

"మీకు కీపరు లేడు బాబాయ్" అంది షీబా నిలబడే. "ఇంక బెంచీల మీద ఉన్నోళ్లలో గోల్ ముందు నిలబడినోడు ఒక్కడూ లేడు. మీరే సూసుకోండి. జాన్‌ని ఇస్తాం. వినోద్‌ని ఇవ్వండి."

ఎల్లాజీ ముద్ద గొంతుకి అడ్డుపడి దగ్గాడు. వినోద్‌ని ఇమ్మనడానికి ఎన్ని గుండెలన్నాడు. బంతి జార్చే వాడికి వినోద్‌ని ఇచ్చేంత పిచ్చి తనకింకా పట్టలేదన్నాడు. ఆ మాట దగ్గర బెన్హర్ దవడ బిగిసింది. కాని అతను మామూలు గొంతుతోనే అన్నాడు.

"ఒక్క బంతి జారినాది బాబాయ్. అదే ఆటలో ఆడు ఆపినవి ఎన్నో నాకు తెలుసు. నాను గోల్ పక్కనే నిలబడినాను. సరే, వినోద్ వొద్దు. నరేష్‌ని ఇవ్వండి."

జాన్ బెంచీ మీంచి ఇదంతా వింటున్నాడు. షీబా అటు చూడలేదు.

ఎల్లాజీ తన పక్కనున్న మనిషితో గుసగుసలాడాడు. పొట్లం మడిచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు. గంట అయిపోవస్తోంది. మాస్టారు విజిల్ మెడలో వేసుకుని స్టేజి మెట్లెక్కుతున్నారు. బెన్హర్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. అప్పుడు ఎల్లాజీ తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, "తీసుకోండి" అన్నాడు. "నరేష్ మీకు. జాన్ మాకు. కాగితం మీద రాయించండి, మళ్లీ మాట మార్చీగలరు."

జాన్ లేచి పొందూరు బల్ల వెనక బెంచీకి వెళ్లి కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు బెన్హర్ భుజం మీద చెయ్యి వేశాడో, తగిలిందో, షీబాకి తెలియలేదు.

మధ్యాహ్నం డ్రాఫ్ట్‌లో వాళ్లు రెండుసార్లు గట్టిగా తగువు పడ్డారు. బల్ల కింద కాళ్లు తన్నుకోవడం కాదు, వంగి, చెవిలో, మాటలతో. ఒకసారి అతను నెగ్గాడు. ఇంకోసారి ఆమె. ఏ వంతూ విజిల్‌కి పోలేదు. జాన్‌ని ఇచ్చేశాక, ఆఖరి రౌండు వచ్చేసరికి కీపరు లేనిది తమ జట్టుకే. సముద్రం ఒడ్డు ఊరినుంచి వచ్చిన అసిరయ్య అనే వాలీబాల్ కుర్రాడు మిగిలాడు. చేతులు మోకాళ్ల దాకా ఉంటాయి. జన్మలో గోల్‌లో నిలబడలేదు.

"నాను నేర్పుతాను" అంది షీబా. బెన్హర్ అనుమానంగా చూసి, పేరు చదివాడు.

ఎండ తగ్గుతుండగా అరసవల్లి వెళ్లారు. జ్ఞానసుందరి తలుపు తీసి, కూతుర్ని పలకరించి, అల్లుణ్ణి పలకరించకుండా పక్కకి జరిగింది. ఏసుదానం వరండాలో కుర్చీలో ఉన్నాడు. కుడి చేతి మీద తువ్వాలు కప్పుకున్నాడు. బెన్హర్ ఆయన ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. షీబా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తను మాట్లాడకూడదని అనుకుంది. మాట్లాడకుండా ఉండటం కష్టంగా ఉంది.

"మావయ్యా, ఆదివారం నానొక మాటన్నాను. జాన్‌ని అనాలని అన్నాను. అది మీకు తగులుతాదని నాకు తట్టలేదు. మీరు మరి ముద్ద తినలేదని కూడా ఇయ్యాలే తెలిసినాది. ఎదురుగా కూకుని సూడలేదు. తప్పయినాది."

ఏసుదానం వీధిలో పోతున్న ఆటోని చూశాడు. అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"నువ్వు నన్నన్లేదని నాకు తెలుసు బాబూ" అన్నాడు. "కోపం రాలేదు. సిగ్గేసినాది. అందరికీ కనబడతన్నాదన్నమాట అనుకున్నాను. ఎవరికీ తెలీకుండానే తింటన్నాననుకున్నాను ఇన్నాళ్లూ."

"ఆనాటి నించి గదిలో తింటన్నారు" అంది జ్ఞానసుందరి లోపలినుంచి. "తలుపేసుకుని. నన్ను కూడా రానివ్వరు. నువ్వో మాటనీసి బండెక్కి పోయినావు. ఇక్కడ తలుపవతల కూకున్నది నాను."

బెన్హర్ తల దించుకున్నాడు. తనని తను సమర్థించుకునే మాట ఒకటి అతని పెదాల దాకా వచ్చి ఆగడం షీబా చూసింది. "అవునత్తయ్యా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ రాత్రి భోజనానికి ఉండమన్నారు. ఏసుదానం మాత్రం బల్ల దగ్గరికి రాలేదు. బెన్హర్ తన పళ్లెం పట్టుకుని గది దాకా వెళ్లి, "మీ దగ్గిర కూకోనా?" అని అడిగాడు. "ఇయ్యాల వొద్దు బాబూ" అన్నాడాయన. బెన్హర్ తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. ముద్ద దిగడం లేదని తెలుస్తూనే ఉంది. షీబాకి జాలేసింది, కోపమూ పూర్తిగా పోలేదు. రెండూ పక్కపక్కనే ఉండటం ఆమెకి వింతగా తోచింది. చెప్పగానే అంతా తేలికైపోతుందని తనెందుకు అనుకుంది?

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లారు. కొన్ని ఆదివారాలు పోయాక ఏసుదానం చెంచా పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. జ్ఞానసుందరి అల్లుడితో మామూలుగా మాట్లాడటానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది.

లీగ్ మొదలైంది. పొందూరుతో ఆట రోజు గ్రౌండు చుట్టూ జనం నిండారు. అవతల గోల్‌లో జాన్, ఇవతల అసిరయ్య. షీబా రెండు వారాలు అసిరయ్యని పొద్దునా సాయంత్రం నేల మీద పడేసి లేపింది. అయినా మొదటి సగంలో వినోద్ రెండుసార్లు కొట్టాడు. రెండూ లోపలికే పోయాయి. నరేష్ ఒకటి తిరిగి కొట్టాడు. అదీ జాన్ వేళ్లకి తగిలే లోపలికి పోయింది. ఇంకో రెండు జాన్ గాల్లోకి లేచి తోసేశాడు. డ్రాఫ్ట్ రోజు వెనక బెంచీల్లో నవ్విన వాళ్లే ఇప్పుడు అతని పేరు పెట్టి అరిచారు.

విరామంలో బెన్హర్, షీబాల చుట్టూ కుర్రాళ్లు నీళ్ల సీసాలతో కూర్చున్నారు. అసిరయ్య చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"ఈణ్ణి మార్చీద్దాం" అన్నాడు బెన్హర్. "ఇంకో గోల్ పడితే అయిపోయినట్టే."

"మార్చొద్దు. ఇప్పుడు తీసీస్తే మళ్లీ గోల్‌లోకి రాడు."

"ఈ ఆట పోతే?"

"పోనీ."

"పోనీ అంటే ఒప్పుకోను షీబా. ఎందుకో సెప్పు. నాకు అర్థమయ్యేటట్టు సెప్పు."

కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. షీబా భర్త దగ్గరికి జరిగి, వినోద్ రెండుసార్లూ ఎడమ వైపు నుంచే కొట్టాడని, అసిరయ్య ఒక అడుగు ముందుకొచ్చి నిలబడితే ఆ కోణం మూసుకుపోతుందని, ఆ సంగతి తనే నేర్పడం మర్చిపోయానని చెప్పింది. బెన్హర్ గోల్ వైపు చూశాడు. కొలుస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"నాకింకా భయంగానే ఉన్నాది" అన్నాడు. తర్వాత వంగి అసిరయ్య చేతులకున్న గ్లవ్స్ సరిచేసి, "ఎల్లు. అక్క సెప్పినట్టు ఒకడుగు ముందుకి నిలబడు" అన్నాడు.

ఆట ఒక గోల్ తేడాతో పోయింది. రెండో సగంలో వినోద్ ఎడమ నుంచి కొట్టినవి మూడూ అసిరయ్య ఛాతీకి తగిలి వెనక్కి పోయాయి.